పులియంతోపు మీటింగ్ సంగతి

చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ సరళా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబిస్తున్నందుకు ఎన్ని తిట్టుకున్నావో, అన్నీ తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, చిన్నోడు ఆరో క్లాసుకొచ్చాడు. ఇక అసలు సంగతి విను. నిన్నటి నుంచి కడుపు ఉబ్బిపోతోంది, నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు.

మా ఆస్పత్రి వాళ్ళు నెలనెలా పులియంతోపులో ఉచిత క్యాంపు పెడతారు కదా. పారిశుద్ధ్య పని చేసేవాళ్ళ ఇళ్ళు, సగం మంది తెలుగువాళ్ళే. తమిళం అందరికీ వచ్చు, కానీ ముసలమ్మలు తెలుగులో అయితే ఒంట్లో బాధ ఉన్నదున్నట్టు చెబుతారు. అందుకే ప్రతిసారీ నన్ను పంపుతారు. వెళ్ళడం నాకూ ఇష్టమే. మరి నేనూ ఇంకో నర్సూ అటు వెళితే వార్డు ఎవరు చూస్తారు? మొన్న క్యాంపు రోజు ముప్పై మంచాల వార్డుని ఒక్క పిల్ల చూసింది. నిరుడే కోర్సు ముగించి వచ్చింది. సాయంత్రం తర్వాతి షిఫ్టు వాళ్ళకి వార్డు అప్పగిస్తూ ఏడ్చేసింది సరళా. ఎవరికి ఇంజెక్షన్ ఇచ్చిందో, ఎవరికి ఇవ్వలేదో చార్టు రెండుసార్లు చూసుకుంటే గానీ చెప్పలేకపోయింది.

నిన్న బస్తీ వాళ్ళని ఆస్పత్రికే పిలిచి మీటింగ్ పెట్టారు. మీకు ఇంకేం చేయమంటారు అని అడగడానికి. అడ్మినిస్ట్రేటర్, సూపరింటెండెంట్ మేడమ్ ముందు వరసలో కూర్చున్నారు. మేడమ్ అచ్చం మన పెసరట్టు మేడమే! అదే నడక, అదే తాళాల గుత్తి. నువ్వుంటే నవ్వాపుకోలేక మనిద్దరం హాల్లోంచి బయటికి పోవాల్సి వచ్చేది. క్యాంపులు రెండింతలు చేస్తాం అని అడ్మినిస్ట్రేటర్ చెప్పగానే నా గుండె జారిపోయింది.

అప్పుడు ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా పారిశుద్ధ్య పని కోటు ఒంటి మీదే ఉంది. తమిళంలో నెమ్మదిగా మొదలుపెట్టింది. 'బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వమే ఇంటికి తెచ్చి ఇస్తోంది, మళ్ళీ మీరొచ్చి అదే బీపీ చూసి ఏం లాభం సార్?' అంది. నిజమే కదే. 2021 ఆగస్టులో మక్కళై తేడి మరుత్తువం అని ఇంటికే వైద్యం తెచ్చే ఇక్కడి ప్రభుత్వ పథకం మొదలైనప్పటి నుంచి ఆ మాత్రలు ఇళ్ళకే వస్తున్నాయి. తర్వాత తన భర్త సంగతి చెప్పింది. కాలువలో గాజుపెంకు దిగి కాలు చీము పట్టి మా దగ్గరే చేర్చారట. అర్ధరాత్రి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే ఈవిడ వరండా అంతా వెతికింది. 'నర్సమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. తిడదామని నోరు తెరిచాను. ఆ పిల్ల కాళ్ళు చూశాను, చెప్పులోంచి పొంగిపోయి ఉన్నాయి. నోరు రాలేదు. క్యాంపు వద్దు సార్, రాత్రి వార్డులో ఇంకో పిల్లని పెట్టండి' అంది.

హాలంతా గప్‌చుప్. ఆవిడ నా వైపు తిరిగి తెలుగులో, 'లెక్కలు నాకు తెలీవు, నువ్వు చెప్పమ్మా' అంది. కాళ్ళు వణికాయి కానీ లేచాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో టీచింగ్ ఆస్పత్రైతే ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆస్పత్రైతే ఐదుగురికి ఒకరు. ఆపైన సెలవుల కోసం 30 శాతం అదనం. పైగా ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ఏమంది? 200 మంచాలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 100 నుంచి 200 ఉంటే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 కంటే చిన్నదైనా నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదు. మాది 120 మంచాలు. ఇదంతా చెప్పేశాను.

'అవి సిఫారసులే కదమ్మా, చట్టం కాదు' అన్నాడు అడ్మినిస్ట్రేటర్. అన్నమాట తప్పు కాదు, అమలు చేయాల్సింది రాష్ట్రాలే. కానీ చట్టం వచ్చేదాకా ఆ పిల్ల కాళ్ళు ఆగుతాయా? మన బ్యాచ్‌లో ఎంతమంది గల్ఫ్‌కి పోయారో తలుచుకుంటే... వద్దులే, మళ్ళీ విజయ గుర్తొస్తుంది, ఆ మాట నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

చివర్లో మేడమ్ లేచింది. ఆవిడ లేస్తుందని ఎవరూ అనుకోలేదు. 'క్యాంపుకి వార్డు నుంచి ఎవర్నీ పంపను, కావాలంటే దానికి విడిగా ఇద్దర్ని తీసుకోండి' అని గట్టిగా చెప్పింది. ప్రైవేటు ఆస్పత్రుల సంఘం నర్సుల సంఖ్య మీద అభిప్రాయం అడిగిందట, అందులో రాత్రి డ్యూటీ లెక్క విడిగా రాసి పంపాలని కూడా పట్టుపట్టింది. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. గురువారం లోపు రాసివ్వమన్నాడు. రాసే పని మేడమ్ నాకే ఇచ్చింది!

అందుకే నీ సాయం కావాలి. మీ జిల్లా ఆస్పత్రిలో నైట్‌కి వార్డుకి ఎందరిని వేస్తున్నారు, సెలవు పెడితే బదులు ఎవరొస్తారు, కాంట్రాక్టు వాళ్ళు ఎందరు, పర్మనెంట్ ఎందరు, అన్నీ రాయి. ఉత్తరం వద్దు, ఫోన్లో పంపు. మీ ఆయన్ని అడిగానని చెప్పు, పాపకి గౌను కొని ఉంచాను, అది ఎలా ఉందంటే... అయ్యో, నైట్ డ్యూటీ బస్సుకి టైమైపోయింది. బుధవారం లోపు పంపవే, మర్చిపోకు.

నీ
లలిత