జిప్సీ ఎత్తు పెంచే ముందు బ్రీదర్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయనగానే చెన్నైలో పాత మారుతి జిప్సీ జీపు ఉన్న చాలామంది బండి ఎత్తు పెంచే ఆలోచనలో పడతారు. 2015 డిసెంబరు వరదలు, 2023 మిగ్‌జాం తుపాను చూసినవాళ్లకు అది సహజమే. కానీ ఎత్తు ఎంత పెంచినా, ఇరుసులోకి నీళ్లు పోయే దారి అలాగే ఉంటే బండి పాడైపోతుంది. ఆ దారి మూయడానికి కావాల్సింది కాస్త గొట్టం, రెండు క్లిప్పులు.

ముందు, వెనక ఇరుసుల మధ్య గేర్లుండే డిఫరెన్షియల్ హౌసింగులకు పైన బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. బండి నడిచి హౌసింగ్ వేడెక్కినప్పుడు లోపలి గాలి దాని గుండానే బయటికి పోతుంది. వేడి మీదున్న ఇరుసు ఒక్కసారిగా నీట మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ నుంచో అరిగిన సీళ్ల అంచుల నుంచో నీళ్లను లోపలికి లాగుతుంది. బ్రీదర్ బురదతో పూడుకుపోతే వచ్చే చిక్కు వేరు. ఒత్తిడికి దారి దొరకక ఆయిల్ సీలు దాటి బయటికొస్తుంది. వెనక అది డ్రమ్ములోకి చేరి లైనర్లను తడుపుతుంది, బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతుంది. ముందు ఇరుసులో అయితే చక్రం తిరిగే కీలు అయిన నకిల్‌లోకి దిగి గ్రీజును పలచన చేస్తుంది, చక్రం లోపలి వైపు నల్లగా కారుతుంది. కొత్త సీలు వేసిన కొన్నాళ్లకే మళ్లీ కారుతోందంటే సీలు నాసిరకమని అనుకునే ముందు బ్రీదర్ ఊడదీసి ఊది చూడాలి. షాఫ్ట్ మీద పాత సీలు రాసుకున్నచోట గాడి పడిందేమో గోటితో తడిమి చూడాలి. గాడి ఉంటే ఏ సీలూ నిలవదు.

పని సులువే. మూత రకం బ్రీదర్ అయితే దాన్ని తీసి అదే మరకు సరిపోయే నిపుల్ బిగించి, పెట్రోలు గొట్టం తొడగాలి. ముందుదాన్ని ఇంజిన్ గది పైభాగానికి, వెనకదాన్ని ఛాసిస్ వెంట వీలైనంత ఎత్తుకు తీసుకెళ్లి, చివర చిన్న పెట్రోలు ఫిల్టర్ పెట్టాలి. ఇరుసు కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి గొట్టం బిగదీయకూడదు. సైలెన్సర్‌కు తగలకూడదు. కావాల్సిన సామానంతా పుదుప్పేటలోనో జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో దొరుకుతుంది.

ఇరుసు మునిగేంత నీళ్లలో నడిచిన బండికి ఆ వారంలోనే డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. మొదట ఆయిల్ నింపే పై బోల్టు విప్పాకే కింది డ్రెయిన్ బోల్టు ముట్టుకోవాలి. ఆయిలంతా దించాక పై బోల్టు తుప్పుపట్టి రానంటే బండి కదలదు. మామూలు ఆయిల్ పోసి కొద్ది దూరం నడిపి అదీ దించేసి, అప్పుడు 80డబ్ల్యూ-90 జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయాలి. 1.3 లీటర్ జిప్సీలో ముందు ఇరుసుకు సుమారు 2 లీటర్లు, వెనకదానికి ఒకటిన్నర లీటరు పడుతుంది. చదునైన నేల మీద బండి ఉంచి, నింపే రంధ్రం నుంచి ఆయిల్ జారేదాకా పోయాలి. గేర్‌బాక్సుకు జీఎల్-4 వాడాలి, జీఎల్-5లోని రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు పడవు. దించిన ఆయిల్‌ను దయచేసి వీధి కాలువలో పోయకండి. కూవం, అడయారు ఇప్పటికే భరిస్తున్నది చాలు. డబ్బాలో పట్టి పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపుకు ఇవ్వండి.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఎయిర్ క్లీనర్ తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలోని నీళ్లు పోయేలా ఇంజిన్ తిప్పాలి. నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇక ఎత్తు సంగతి. కమాను పట్టీలను ఛాసిస్‌కు కలిపే షాకిల్స్ పొడవైనవి వేస్తే ముందు ఇరుసు వంపు మారి కాస్టర్ (స్టీరింగ్ కీలు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తిరిగి రాదు. 205/70 ఆర్15 తీసి 235/75 ఆర్15 టైర్లు వేస్తే వ్యాసం సుమారు 10 శాతం పెరుగుతుంది. మీటరు 60 చూపేటప్పుడు బండి దాదాపు 66లో ఉంటుంది, బ్రేకుల మీద భారమూ ఆ మేరకు పెరుగుతుంది. పైగా తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే స్పష్టం చేసింది.

ఎత్తు పెంచినా పెంచకపోయినా ఒక పరీక్ష మాత్రం తప్పనిసరి. ముందు చక్రం జాకీతో లేపి ఇరుసు కింద స్టాండు పెట్టాలి. సిమెంటు ఇటుకలు పెట్టొద్దు, అవి ఉన్నట్టుండి పగిలిపోతాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. ఆట పోతే హబ్ బేరింగ్ వదులైనట్టు, పోకపోతే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే కీలులోని కింగ్‌పిన్ బేరింగ్ అరిగినట్టు. అది మార్చేదాకా ఆ బండిని ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద వేగంగా నడపడం ప్రమాదం.

– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై