నేల ఎవరిదో తేలాకే ఇల్లు

సంపాదకులకు,

అమెరికాలో ఫ్యాక్టరీలో తయారై ట్రక్కు మీద వచ్చే ఇళ్లు చవక అని ఎన్నారై పేజీల్లో చదువుతున్నాం. చవకన్నది నిజమే. కానీ ఆ ధర ఇంటికి మాత్రమే. కింద నేల ఎవరిదో రాయకపోతే కొనేవాళ్లకు సగం సంగతే చెప్పినట్టు.

ముందు ఇల్లు ఏ కోవలోదో తేల్చుకోవాలి. 1976 జూన్ 15కు ముందు తయారైనది మొబైల్ హోమ్. దానికి ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి అప్పులకు బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ) బీమా ఉన్న అప్పు పుట్టదు. ఆ తర్వాత ఫెడరల్ గృహశాఖ ‘హడ్’ నిబంధనల ప్రకారం ఉక్కు చాసిస్ మీద తయారైనది మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్. ఫ్యాక్టరీలో భాగాలుగా తయారై స్థలంలో బిగించే మాడ్యులర్ ఇల్లు వేరు. అది రాష్ట్ర, స్థానిక బిల్డింగ్ కోడ్‌కు లోబడుతుంది. పాత మాన్యుఫ్యాక్చర్డ్ ఇల్లు కొంటుంటే ప్రతి సెక్షన్ బయట ఎర్రటి లోహపు లేబుల్, లోపల కిచెన్ అల్మరాలోనో కరెంటు ప్యానెల్ దగ్గరో కాగితపు డేటా ప్లేట్ ఉన్నాయేమో చూడాలి. ఊడిపోయిన లేబుల్‌ను హడ్ మళ్లీ ఇవ్వదు, ధ్రువీకరణ లేఖ తెప్పించుకోవాల్సిందే. డేటా ప్లేట్‌లో విండ్ జోన్ (ఇల్లు ఎంత గాలికి తట్టుకునేలా తయారైందో చెప్పే అంకె) తప్పక చదవాలి. జోన్ 1కి తయారైన ఇంటిని హరికేన్ల తీరంలోని జోన్ 2, 3లలో పెట్టనివ్వరు.

ఇక అప్పు. నేల సొంతమై, శాశ్వత పునాది వేసి, చక్రాలూ ఇరుసులూ తీసేసి, ఇంటిని స్థిరాస్తిగా నమోదు చేయిస్తే మామూలు మార్ట్‌గేజ్‌కు దారి ఉంటుంది. ఎఫ్‌హెచ్‌ఏ మార్ట్‌గేజ్‌కైతే పునాదిపై ఇంజినీర్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. లాట్, అంటే ఇల్లు నిలిపే స్థలం, అద్దెదైతే సాధారణంగా దొరికేది చాటెల్ లోన్ (చరాస్తి అప్పు), అంటే కారు అప్పులాంటిదే: వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. దానికి తోడు నెలనెలా లాట్ రెంట్. అద్దె పెంచితే ఇల్లు ఎత్తుకుపోవచ్చనుకోవడం పొరపాటు. విడదీసి, తరలించి, మళ్లీ బిగించడానికి వేల డాలర్లవుతాయి. పాత ఇళ్లను చాలా కమ్యూనిటీలు (లాట్లు అద్దెకిచ్చే ఇళ్ల సముదాయాలు) రానివ్వవు కూడా.

కొత్త కమ్యూనిటీల్లో పెట్టుబడి పెట్టాలనుకునే మనవాళ్లు మొదట జోనింగ్ అనుమతి (ఆ నేలలో ఇలాంటి ఇళ్లు పెట్టొచ్చన్న స్థానిక అనుమతి) చూడాలి. చాలా ఊళ్లలో అక్కడే ఆగిపోతుంది. అనుమతి వచ్చినా రోడ్లు, నీళ్ల పైపులు, మురుగు లైన్లు, ఇళ్లు నిలిపే ప్యాడ్ల ఖర్చంతా ముందే పడుతుంది. ఇళ్లు మాత్రం మెల్లగా నిండుతాయి, వడ్డీ ఆగదు. దశలవారీగా కట్టకుండా మొదటి ఏడాదే లాట్లన్నీ నిండుతాయని లెక్కగడితే, ఆ లోటు చివరికి వచ్చి పడేది ఉన్నవాళ్ల అద్దె మీదే. అది అన్యాయం.

దీనికి విరుగుడు లేకపోలేదు. న్యూహ్యాంప్‌షైర్‌లోని మెరెడిత్‌లో 1984లో నివాసులే సహకార సంఘంగా ఏర్పడి తమ పార్కును, అంటే తాము ఉంటున్న కమ్యూనిటీ నేలను, కొనుక్కున్నారు. ఆ రాష్ట్రంలో పార్కు అమ్మేముందు యజమాని నివాసులకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఫెడరల్ అండ ఉన్న గృహరుణ సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌ల అప్పులున్న కమ్యూనిటీల కోసం లీజు రక్షణల జాబితా ఒకటుంది: ఏడాదికోసారి పునరుద్ధరించే లీజు, అద్దె పెంచేముందు 30 రోజుల రాతపూర్వక నోటీసు, ఇంటిని అక్కడి నుంచి కదల్చకుండానే అమ్ముకునే హక్కు. అద్దె లాట్‌లో కొనేవాళ్లు ఈ మూడూ లీజులో రాసి ఉన్నాయో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే లాయరుతో చదివించుకోవాలి.

— గృహ రుణాల రంగంలో పనిచేసే ఒక పాఠకుడు, డాలస్