టీవీలో కనపడిన ఎర్ర గీత

బ్రాడీపేట, గుంటూరు

బంగారుతల్లీ,

ఫోన్‌లో అడిగితే "ఏం లేదమ్మా, బాగానే ఉన్నా" అనేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు మన పాత టీవీ వెనక నెట్ వచ్చే స్టిక్ పెట్టి, నీ జీమెయిల్‌తో యూట్యూబ్ తెరిచి వెళ్ళావు కదా. నాయనమ్మకు అది బాగా అలవాటైపోయింది. రిమోట్ మీద మైకు బటన్ నొక్కి పట్టుకుని "తిరుమల సుప్రభాతం" అంటుంది, ఎస్వీబీసీ వచ్చేస్తుంది. ఆమధ్య మాటిమాటికీ బొమ్మ ఆగిపోయి సున్నా తిరుగుతుంటే నెట్ అబ్బాయి వచ్చి చూశాడు. వైఫై బాక్సు ముందు గదిలో, టీవీ వెనక గదిలో ఉన్నాయి కదా. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగానే వస్తుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుందట. 2.4కి మార్చాడు. హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ వేగం అందితే చాలట. ఇప్పుడు ఆగడం లేదు.

అసలు సంగతి అది కాదు.

అకౌంట్ ఒకటే కాబట్టి అక్కడ నీ ఫోన్‌లో నువ్వు చూసేవి ఇక్కడ మన టీవీలోకి వచ్చేస్తున్నాయి. ఎంతవరకు చూశారో బొమ్మ కింద ఎర్ర గీత ఉంటుంది కదా. సోమవారం పొద్దున టీవీ పెట్టగానే వాన చప్పుడు వీడియో ఒకటి కనపడింది, పది గంటలది. గీత పావు వంతుంది. నాయనమ్మ పొరపాటున నొక్కిందేమో అనుకున్నా. మర్నాటికి సగానికొచ్చింది. గురువారానికి దాదాపు చివరిదాకా పోయింది. నాయనమ్మ తొమ్మిదింటికే పడుకుంటుంది. దాని పక్కన నిద్ర పట్టనివాళ్ళు ఏం చేయాలో డాక్టరుగారు చెప్పేది. ఆ పక్కన, ఒక్కరికి సరిపడా పప్పుచారు.

ఆ పప్పుచారు చూసి నాకు ఏడుపు ఆగలేదు. చిన్నప్పుడు వాన మొదలైతే చాలు, నిద్రలోంచి లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తేదానివి. ఇప్పుడు ఆ చప్పుడు ఫోన్‌లో పెట్టుకుంటే కానీ కన్ను మూతపడడం లేదా తల్లీ?

చూడాలని చూడలేదు. నాన్నకు కూడా చెప్పలేదు. నిన్న మీ పిన్నివాళ్ళు వచ్చి టీవీ ముందు కూర్చుంటే ఎవరి కంటపడతాయోనని ఒకటే టెన్షన్. వాళ్ళటు వెళ్ళగానే నీ ఫొటో ఉన్న చోట నొక్కి, అక్కడొచ్చిన క్యూఆర్ కోడ్‌ని నా ఫోన్‌తో స్కాన్ చేసి నా జీమెయిల్ పెట్టాను, నీది తీసేశాను. ఇన్నాళ్ళూ నాయనమ్మ సుప్రభాతాలు కూడా నీ ఫోన్‌లోకి వచ్చే ఉంటాయి. అవి చూసినప్పుడు ఇల్లు గుర్తొచ్చేదా?

ఇకమీదట నువ్వేం చూస్తున్నావో మాకు కనపడదు. నువ్వే చెప్పాలి. ఆఫీసులో ఇబ్బందా, ఉద్యోగమే మానేయాలనుందా, మరేదైనానా, ఏదైనా సరే నేను తిట్టను. రాత్రి రెండింటికైనా ఫోన్ చెయ్యి, నా ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటున్నాను.

సెలవు దొరికితే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకో. దొరక్కపోతే బెంగళూరు నుంచి బస్సులున్నాయిగా, నాన్న స్టాండుకు వస్తారు. ములక్కాడ వేసి పప్పుచారు పెడతాను.

మీ అమ్మ