అలాస్కా చమురు గొడవ

ఒరేయ్ శీనూ,

అలాస్కాలోని ఆర్కిటిక్ జాతీయ వన్యప్రాణి అభయారణ్యంలో అంత చమురుంటే తవ్వుకోరేం అని అడిగావుగా, ముందు ఆ ‘అంత’ ఎంతో చూద్దాం.

నువ్వు చెప్పిన 1,040 కోట్ల బ్యారెళ్లు 1998లో అమెరికా భూగర్భ సర్వే వేసిన అంచనా. తీరజలాలనీ, స్థానికుల భూముల్నీ కలిపేసిన లెక్కది. గొడవంతా జరిగే ‘1002 ఏరియా’ (ఆ అభయారణ్యపు తీర మైదానం)లోని కేంద్ర భూమి వరకైతే సగటు 770 కోట్లే. కిందివైపు 430, పైవైపు 1,180. అదీ బయటికి తీయగలిగిన చమురు, గిట్టుబాటు సంగతి వేరే! లెక్కకి ఆధారం 1984-85 నాటి పాత సీస్మిక్ గీతలు, అంటే నేలలోకి ప్రకంపనలు పంపి లోపలి పొరల్ని గీసిన పటాలు. అక్కడున్న కాక్టోవిక్ అనే ఊరి దగ్గర వేసిన ఒకే ఒక్క బావి ఫలితాన్ని ఏళ్ల తరబడి గుట్టుగా ఉంచారు. పైగా అలాస్కాలోనే ఉన్న భారీ చమురు క్షేత్రం ప్రూడో బేలాగా ఒకేచోట పెద్ద నిక్షేపం దొరుకుతుందని సర్వేవాళ్లూ అనలేదు. వాయవ్య మూలన చిన్నచిన్నవి చాలా ఉంటాయన్నారు. అంటే ప్రతిదానికీ విడిగా ప్యాడ్ (బావులు తవ్వే గట్టు), విడిగా పైపు.

అసలు చిక్కు నీళ్లురా. బావి తవ్వే రిగ్గు చలికాలంలో, నీళ్లు పోసి గడ్డకట్టించిన మంచురోడ్డు మీదే వెళ్లాలి. నేల గడ్డకట్టి, పైన సరిపడా మంచు పడితేగానీ టండ్రా (చెట్లు లేని చలినేల) మీద బండి దిగనివ్వరు. మైలు రోడ్డుకి సుమారు 10 లక్షల గ్యాలన్ల నీళ్లు కావాలి. ప్రూడో చుట్టూ చెరువులకి కొదవలేదు, ఇక్కడ చాలా తక్కువ. వాగులు అట్టడుగుదాకా గడ్డకడతాయి, గడ్డకట్టని మడుగుల్లో చేపలుంటాయి కాబట్టి ఆ నీళ్లు తోడుకోవడం కష్టం. మంచు పలచగా ఉన్నప్పుడు బండి తిప్పితే నాచు నలిగి, ఎండ తగిలి, కింది మంచునేల కరిగి కుంగిపోతుంది. 1984-85 సర్వే బళ్ల జాడలు కొన్నిచోట్ల దశాబ్దాల తర్వాతా కనిపించాయి.

ఇక్కడ తవ్వకానికి దారి తెరిచిన 2017 చట్టంలో, కట్టడాలు ‘2,000 ఎకరాలే’ ఆక్రమించాలన్న షరతు చూసి మోసపోకు. పైపులైను కింద స్తంభాలు నిలిచిన చోటే లెక్కలోకి వస్తుంది, గాల్లో సాగే పైపు రాదు. కారిబూలు (అడవి రెయిన్‌డీర్ జింకలు) ఈనే నేల అని, వాటి మీద ఆధారపడే గ్విచిన్ ఆదివాసులు వద్దంటారు. కాక్టోవిక్‌లో ఉండే ఇన్యూపియాట్ ఆదివాసుల్లో చాలామంది కావాలంటారు, వాళ్ల ఊరికి బడీ ఆసుపత్రీ చమురు పన్నులతోనే మరి.

2021 జనవరిలో ఈ భూమి తవ్వకానికి పెట్టిన లీజుల వేలంలో వచ్చింది 1.44 కోట్ల డాలర్లు. ఎక్కువ ముక్కలు కొన్నది రాష్ట్ర ప్రభుత్వ సంస్థే, పెద్ద కంపెనీ ఒక్కటీ రాలేదు. 2025 జనవరిలో ఒక్క బిడ్డూ పడలేదు. అదే ఏడాది జూలైలో, పదేళ్లలో ఇంకో నాలుగు వేలాలు పెట్టాలని చట్టం చేశారు. ఈసారి వార్త వస్తే ఎకరాలు కాదు, కొన్నదెవరో చూడు.

నీ
రఘు