‘నోటెడ్ సార్’ కింద నలుగుతున్న ఫైలు

సంపాదకుల వారికి,

జిల్లా కార్యాలయం నుంచి మా మండల కార్యాలయాల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రొఫార్మా (నింపి పంపాల్సిన పట్టిక) పడుతుంది. గ్రూపులో 60 మంది. వెంటనే ఒకరి వెనుక ఒకరు ‘నోటెడ్ సార్’, ‘ఓకే సార్’, చేతులు జోడించిన బొమ్మ. పంపినవారిని తీసేస్తే 59 జవాబులు, ఒక్కోటీ 59 ఫోన్లకు. మొత్తం 3,481 మోతలు. ఈలోగా అసలు ప్రొఫార్మా ఎక్కడో పైకి పోతుంది. సాయంత్రం ఎవరో ఒకరు ‘సార్, ఫార్మాట్ మళ్లీ పెట్టగలరు’ అంటారు. భాగవతం మళ్లీ మొదలు.

చూశామని తెలియజేయడానికే ఈ జవాబులైతే, ఆ పని ఫోనే చేసిపెడుతుంది. పంపినవారు తమ సందేశాన్ని నొక్కి పట్టి ‘ఇన్ఫో’ తెరిస్తే ఎవరు చదివారో, ఎవరు చదవలేదో పేర్లతో కనిపిస్తుంది. నీలి టిక్కులు ఆపేసుకున్నవారూ దొరుకుతారు, ఆ సెట్టింగు గ్రూపుల్లో పనిచేయదు. ఏదీ పెట్టకపోతే పైవారు ఏమనుకుంటారో అన్న జంకు ఉంటే, 2022 నుంచి రియాక్షన్ ఉంది. బొటనవేలు గుర్తు పెడితే పంపినవారికి మాత్రమే నోటిఫికేషన్ వెళ్తుంది. మిగతా 58 ఫోన్లు మోగవు.

పాత తపాలు పద్ధతిని వెక్కిరించడం తేలిక. బ్రిటిష్ కాలం నాటి టాటెన్‌హామ్ ఆఫీసు పద్ధతిలో, వచ్చిన కాగితానికి కరెంట్ నంబరు (వరుస సంఖ్య) పడేది. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో ఎక్కి ఒక సీటుకు చేరేది. ఆ సీటు గుమాస్తా పర్సనల్ రిజిస్టర్‌లో రాసుకుని, పని ముగిశాక ఎదురుగా డిస్పోజల్ (పరిష్కారమైందన్న గుర్తు) వేసేవాడు. కాగితాన్ని రిజిస్టరు గుర్తుపెట్టుకునేది, మనిషి ఇంటికి పోయి అన్నం తినేవాడు. గ్రూపులో వచ్చిన ఆదేశానికి నంబరు లేదు, సీటు లేదు, డిస్పోజల్ అసలే లేదు. అందుకే కంచం ముందు కూర్చుని కూడా ఫోను తీసి చూస్తున్నాం. ఫైలు ఈ-ఆఫీస్‌లో, అంటే కంప్యూటర్‌లో నడుస్తున్న చోట కూడా దాని ఆరా మాత్రం గ్రూపులోనే.

ఇలా అయితే పని సాగదంటే పైవారు ఒప్పుకోరు. నిజమే, పని ఆగినట్టు కనిపించదు. 2008లో పరిశోధకురాలు గ్లోరియా మార్క్ బృందం చేసిన ప్రయోగంలో మధ్యలో ఆటంకం కలిగినవాళ్లు పనిని మరింత త్వరగానే ముగించారు. పెరిగింది ఒత్తిడి, చిరాకు, ఎవరో తరుముతున్నట్టుండే భావం. వేళకు వెళ్లిన స్టేట్‌మెంటులో ఇవేవీ కనపడవు. 28 వరుసల పట్టికలో 17వ వరుస దగ్గర ఉండగా ఫోను మోగితే, తిరిగొచ్చి 16 నుంచి మొదలుపెడతారు, లేదా 18 నుంచి. ఆ తప్పు టోటల్‌లో దొరుకుతుంది. అక్కడ దొరక్కపోతే ఆడిట్‌లో.

అడ్మిన్లు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఆదేశాల గ్రూపు వేరు, మాటల గ్రూపు వేరు చేయాలి. ఆదేశాల గ్రూపులో ‘గ్రూప్ పర్మిషన్స్’ తెరిచి సభ్యులు సందేశాలు పంపే వీలు ఆపేయాలి. 2018 నుంచీ ఉన్న సౌకర్యమే ఇది. చాలాచోట్ల దీన్ని పెట్టి, నెల తిరిగేలోగా ప్రతి సెక్షన్ అధికారినీ అడ్మిన్ చేసేస్తారు, మళ్లీ సంతే. అడ్మిన్లు ఇద్దరు చాలు. తపాలు వేళల్లాగే ఆదేశాలు ఉదయం 10.30కి ఒకసారి, మధ్యాహ్నం 3కి ఒకసారి పెట్టాలి.

ఆదేశం ఎలా ఉండాలంటే: ‘31వ తేదీ నాటికి పెండింగ్ దరఖాస్తులు. షీటులో మీ మండలం వరుసలో 4, 5 గళ్లు నింపండి. గడువు బుధవారం సాయంత్రం 4. సందేహాలకు ఎ2 సీటు, ఉదయం 11–12 మధ్య.’ ఇందులో చివరి ముక్క వదిలేస్తే గ్రూపు మూసినా లాభం లేదు, అవే ప్రశ్నలు ఫోన్లలో వస్తాయి. ‘అందరూ వెంటనే పంపగలరు’ అంటే ఎవరు, ఎప్పటికి? ఇంకా పంపనివారిని పేరుతో ట్యాగ్ చేయాలి. గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవారికీ తమ పేరు ట్యాగ్ అయితే కబురు అందుతుంది. కాబట్టి మ్యూట్ చేయడాన్ని ధిక్కారంగా చూడనక్కర్లేదు.

వాయిస్ మెసేజ్ మాత్రం దయచేసి వద్దు. చెప్పేవారికి 2 నిమిషాలే, వినే 59 మందికి కలిపి దాదాపు 2 గంటలు. అందులో గడువు తేదీ వెతకాలంటే మళ్లీ మొదటి నుంచి వినాలి. సర్క్యులర్‌ను వంకరగా ఫొటో తీసి పెట్టడం కన్నా పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపితే అక్షరాలు అలుక్కుపోవు.

తుపాను, వరద డ్యూటీల మాట వేరు. అప్పుడు సందేశం పెట్టి ఊరుకోకూడదు, ఫోనే చేయాలి. ఆండ్రాయిడ్‌లో ‘డూ నాట్ డిస్టర్బ్’ పెట్టుకున్నా ‘రిపీట్ కాలర్స్’ను అనుమతిస్తే, అదే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు వచ్చిన రెండో కాల్ మోగుతుంది. కంట్రోల్ రూమ్ నంబరును స్టార్ చేసుకుని, స్టార్ చేసిన కాంటాక్టులకు అనుమతి ఇస్తే మొదటి కాలే మోగుతుంది. మిగతా రాత్రుళ్లు ఫోను అలాగే నిశ్శబ్దంగా ఉండవచ్చు.

– మండల కార్యాలయాల ఉద్యోగులు కొందరు, కాకినాడ జిల్లా