వార్షిక నివేదిక 2025: పండగలు, పద్దులు, గూర్ఖాల మాట

బ్రిటన్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో పండగల భాగం చిన్నది, చర్చల భాగం పెద్దది. ఎందుకో జులై సర్వసభ్య సమావేశానికి వచ్చినవారికి తెలుసు. రానివారి కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పండగలు. సంక్రాంతి ముగ్గుల పోటీ వాన వల్ల హాలు లోపలే, చార్టుల మీద జరిగింది. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చినవారికి కృతజ్ఞతలు. బతుకమ్మకు తంగేడు దొరకదు కాబట్టి ఎప్పటిలాగే చామంతులతో పేర్చుకున్నాం. తెలుగు బడిలో పిల్లలు పెరిగారు, టీచర్లు పెరగలేదు. హాలు అద్దె పెరగడంతో మిగులు తగ్గింది. ఆడిట్ అయిన పద్దులను కోశాధికారి విడిగా పంపారు.

ఇక అసలు సంగతి. మార్చిలో మన పక్క నేపాలీ సంఘం పెద్దలు వచ్చి ఒక ఉత్తరం ఇచ్చారు. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన గూర్ఖాల (నేపాల్ నుంచి చేర్చుకున్న సైనికుల) పిల్లల నివాస హక్కు, కుటుంబాల వీసా ఫీజులు, పెన్షన్ గురించి స్థానిక ఎంపీకి రాస్తున్నామని, మన సంఘం కూడా సంతకం పెడితే బలంగా ఉంటుందని అడిగారు. కార్యవర్గం తేల్చుకోలేక సభ్యుల ముందు పెట్టింది.

సమయం కూడా అలా కుదిరింది. మే నెలలో ప్రభుత్వం వలసలపై శ్వేతపత్రం తెచ్చింది. శాశ్వత నివాసానికి అయిదేళ్లు చాలవు, మామూలుగా పదేళ్లు ఉండాలన్న ప్రతిపాదన అందులో ఉంది. స్కిల్డ్ వర్కర్ వీసాల మీద ఉన్న మన కుటుంబాల్లో అప్పటి నుంచి ఒకటే టెన్షన్. 2025లో శాశ్వత నివాసానికి మనిషికి 3,029 పౌండ్ల ఫీజు, దానికి ముందు పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి. నలుగురున్న ఇంట్లో ఇది ఎంతవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు గూర్ఖాల ఉత్తరం ముందుకొచ్చేసరికి సభలో మొదటి మాటే "మన గోడు ఎవరు రాస్తారు?" అని వచ్చింది. ఆ మాట తప్పని నేను అనను. ప్రభుత్వ ప్రతిపాదనల మీద మన అభిప్రాయాలను విడిగా, గట్టిగానే పంపాలని సభ తీర్మానించింది. కానీ ఆ రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేపాల్ యుద్ధం జరుగుతుండగానే, 1815లో, ఈస్టిండియా కంపెనీ గూర్ఖాలను చేర్చుకోవడం మొదలుపెట్టింది. 1947లో భారత్, నేపాల్, బ్రిటన్ త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారత సైన్యంలో ఉండిపోయాయి, నాలుగు బ్రిటన్‌కు వెళ్లాయి. బ్రిటన్‌కు వెళ్లినవారి పెన్షన్‌ను భారత సైన్యపు రేట్లకు ముడిపెట్టారు. వాళ్లు పోరాడింది మలయాలో, బోర్నియోలో, తర్వాత ఫాక్లాండ్స్‌లో. రిటైరయ్యాక నేపాల్ కొండల్లో బతుకుతారు కదా, ఆ లెక్కన ఇస్తే చాలన్నది వాదం.

అదే మనిషి బ్రిటన్‌లో ఉంటానని అడిగితే "నీ బంధాలన్నీ నేపాల్‌లోనే ఉన్నాయి" అన్నారు. పెన్షన్ దగ్గర నేపాలీ, వీసా దగ్గరా నేపాలీ, యుద్ధం దగ్గర మాత్రం రాణిగారి సైనికుడు. ఈ లెక్క నాకు మింగుడు పడదు.

1997 జులై 1న హాంకాంగ్ చైనా చేతికి వెళ్లింది. గూర్ఖా బ్రిగేడ్ కేంద్రం బ్రిటన్‌కు మారింది. 2004లో ప్రభుత్వం ఆ తేదీనే గీతగా గీసింది. నాలుగేళ్లకు తక్కువ కాకుండా పనిచేసి, ఆ తేదీ తర్వాత రిటైరైనవారు నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ముందే రిటైరైనవారు వాళ్ల బంధాలు బ్రిటన్‌తో ఉన్నాయని రుజువు చేసుకోవాలి. బర్మాలో 1944 యుద్ధానికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన తుల్ బహదూర్ పున్‌కు కూడా మొదట వీసా రాలేదు. గొడవైతే 2007లో ఇచ్చారు. 2008 సెప్టెంబరులో హైకోర్టులో జస్టిస్ బ్లేక్ ఆ విధానం చట్టవిరుద్ధమని తీర్పిచ్చారు. అయినా 2009 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త నియమాలు ఇరవయ్యేళ్ల సర్వీసులాంటి షరతులు పెట్టాయి. ఆ సర్వీసు మామూలు సిపాయికి దొరికేది కాదు. నటి జొయానా లమ్లీ (ఆమె తండ్రి 6వ గూర్ఖా రైఫిల్స్‌లో మేజర్) ముందుండి నడిపిన ఉద్యమానికి అప్పుడే ఊపొచ్చింది. ఏప్రిల్ 29న పార్లమెంటులో ప్రభుత్వం 267-246 తేడాతో ఓడింది. మే 21న హోం మంత్రి జాకీ స్మిత్ దిగివచ్చి, నాలుగేళ్లు పనిచేసిన మాజీ గూర్ఖాలందరికీ నివాస హక్కు ప్రకటించారు.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నవారిలో నేనూ ఉన్నాను. పత్రికల్లో ఫొటోలు అలాగే ఉండేవి మరి.

దసరాకు నేపాలీ కుటుంబాలను పిలిచాం. వాళ్లకు అదే దశైన్. ఒక పెద్దాయన వచ్చారు, ఎనభై దాటినవారు. నుదుట పెరుగు, బియ్యం, ఎర్రరంగు కలిపి అద్దిన టీకా, చెవి వెనక పచ్చటి జమరా మొలకలు. అరిసె తిని, "మా సేల్ రోటీ కంటే తియ్యన" అన్నారు హిందీలో. ప్లాస్టిక్ కవరులోంచి సర్వీసు పుస్తకం తీసి చూపించారు. బోర్నియో యుద్ధం 1966లో ముగిశాక గూర్ఖాల సంఖ్యను సగానికి దగ్గరగా తగ్గించినప్పుడు ఇంటికి పంపిన వేలమందిలో ఆయన ఒకరు. పెన్షన్‌కు పదిహేనేళ్లు కావాలి, ఆయనకు అన్నేళ్లు లేవు. 2009 తర్వాత ఇక్కడికొచ్చి తక్కువ ఆదాయమున్న వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ క్రెడిట్ మీద, ఒక గదిలో, భార్యతో ఉంటున్నారు. కొడుకు అప్పటికే పద్దెనిమిది దాటడంతో నేపాల్‌లో, పోఖరాలోనే ఉండిపోయాడు.

పెద్దపిల్లల చిక్కు ఇదే. తండ్రికి ఆ హక్కు సకాలంలో ఇచ్చి ఉంటే వాళ్లు చిన్నప్పుడే వెంట వచ్చేవారు. ఆలస్యం చేసింది ప్రభుత్వం, వయసు పెరిగింది పిల్లలకు. 2013లో అప్పీలు కోర్టు ఈ చారిత్రక అన్యాయాన్ని లెక్కలోకి తీసుకోవాలంది. 2015లో హోం ఆఫీసు కొంత సడలింపు ఇచ్చింది, షరతులతో. పెన్షన్ విషయంలో 2016లో యూరప్ మానవ హక్కుల కోర్టు గూర్ఖాల కేసును కొట్టేసింది. 2021 ఆగస్టులో ప్రధాని నివాసమున్న డౌనింగ్ స్ట్రీట్ ఎదుట నిరాహారదీక్ష చేశాక మళ్లీ మాటలు మొదలయ్యాయి.

సభలో వచ్చిన అభ్యంతరాల్లో రెండు బరువైనవి. ఒకటి, "జీతానికి చేరారు, షరతులు తెలిసే సంతకం పెట్టారు" అన్నది. నిజమే. కానీ కొండ ఊళ్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ షరతుల మీద బేరమాడే అవకాశం ఎక్కడిది? మనకు కంపెనీ నచ్చకపోతే నోటీసిచ్చి మారతాం, సైన్యంలో అలా కుదరదు. సైనికుడు పనిలో ఉన్నంతకాలం ఇమ్మిగ్రేషన్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంటుంది. డిశ్చార్జ్‌తో అది పోతుంది. నిన్నటిదాకా ఆ దేశపు యూనిఫాం వేసుకున్నవాడు మరుసటి రోజు దరఖాస్తుదారు. ఫిజీ, ఇతర కామన్వెల్త్ దేశాల సైనికులు కూడా ఇందులోనే ఇరుక్కున్నారు. 2022 ఏప్రిల్ నుంచి ఆరేళ్లు చేసినవారికి ఫీజు తీసేశారు, భార్యాపిల్లలకు తీయలేదు. నాలుగేళ్లు చేసినవారికి, కుటుంబాలకు కూడా తీసేస్తామని లేబర్ పార్టీ 2024 మ్యానిఫెస్టోలో రాసింది. ఉత్తరంలో అడిగింది ఆ మాట నిలబెట్టమనే.

రెండో అభ్యంతరం మన ఊరిదే. ఆసుపత్రులు, ఇళ్లు, బడులు చాలడం లేదని 2011లోనే అప్పటి ఆల్డర్‌షాట్ ఎంపీ జెరాల్డ్ హోవర్త్ ప్రధానికి రాశారు. జీపీ (స్థానిక డాక్టరు) అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే ఫోను పట్టుకు కూర్చునే మనకు ఆ కష్టం కొత్తకాదు. అయితే హక్కు ప్రకటించి, దానికి కావలసిన డబ్బు కౌన్సిల్‌కు సరిగా ఇవ్వకపోతే, ఇంగ్లిషు రాని ముసలివాళ్లను నిందించి లాభమేమిటి? ఈ మాట అన్నందుకు సభలో నాకు చప్పట్లూ పడ్డాయి, చివాట్లూ పడ్డాయి.

భారత సైన్యంలో పనిచేసి వచ్చిన మన సభ్యుడొకరు మంచి సంగతి గుర్తుచేశారు. 1950 ఒప్పందం వల్ల నేపాలీలు భారత్‌లో వీసా లేకుండానే ఉండవచ్చు, కాబట్టి అక్కడి గూర్ఖాలకు ఈ నివాసం గొడవే రాలేదు. అక్కడి చిక్కు వేరు. 2022లో అగ్నిపథ్ (నాలుగేళ్ల సర్వీసు భర్తీ పథకం) వచ్చాక నేపాల్ నుంచి భర్తీ ఆగిపోయింది.

చివరికి ఓటింగ్ పెట్టాం. స్వల్ప ఆధిక్యంతో తీర్మానం నెగ్గింది. వాళ్ల ఉత్తరం మీద సంతకం పెట్టకుండా, మన మాటల్లో మన ఉత్తరం పంపాం. అందులో కోరింది కుటుంబాలకు ఫీజు రద్దు, 1997కు ముందు రిటైరైనవారి పెద్దపిల్లలకు తేలిక నియమాలు, పెన్షన్ చర్చలకు గడువు. వ్యతిరేకించినవారి అభిప్రాయాన్ని మినిట్స్‌లో యథాతథంగా చేర్చాం. సంఘం సాంస్కృతిక పనులకే పరిమితం కావాలంటూ కార్యవర్గ సభ్యులొకరు తప్పుకున్నారు. వారి సేవలకు కృతజ్ఞతలు, ఆ ఖాళీ వచ్చే ఎన్నికల్లో భర్తీ అవుతుంది.

ఉత్తరం కంటే ఎక్కువ పనికొచ్చింది శనివారం సహాయ బల్ల. నివాస కార్డుల స్థానంలో ఈ-వీసాలు (ఆన్‌లైన్ రికార్డులు) వచ్చాక పాత పాస్‌పోర్టులో సిరా ముద్ర మాత్రమే ఉన్న గూర్ఖా పెద్దలు తికమకపడ్డారు. ఈమెయిల్ మనవడిది, ఫోను కోడలిది, ముద్ర గడువు తీరిన పాస్‌పోర్టులో. మన ఐటీ పిల్లలు కూర్చుని స్కానింగ్, అకౌంట్లు చేసిపెట్టారు. ముందుగా దరఖాస్తు పెట్టాల్సినవారిని రిజిస్టరైన సలహాదారుల దగ్గరకు పంపాం. ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడానికి మనకు అనుమతి లేదు, అది చట్టరీత్యా నేరమవుతుంది. దయచేసి ఎవరూ సొంత తెలివితో వీసా సలహాలు ఇవ్వొద్దు.

వచ్చే ఏడాది ఈ బల్లను నెలకు రెండు శనివారాలు నడపాలనుకుంటున్నాం. హిందీ వచ్చినవారు ఇద్దరు ముగ్గురు కావాలి. తెలుగు బడికి టీచర్లు కూడా కావాలి. పేర్లు జనవరి కార్యవర్గ సమావేశం లోపు నాకు చెప్పండి. సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివారు అప్పుడే కట్టేస్తే కోశాధికారికి ఫోన్లు చేసే పని తప్పుతుంది.

కార్యదర్శి