ఏడో స్తంభం దగ్గర వరిచేను!

అయ్యా,

మా పట్టణానికి కొత్తగా తయారుచేసిన మాస్టర్ ప్లాన్ ముసాయిదా పటంలో మా వీధి మొత్తం ఆకుపచ్చగా ఉంది. ఆకుపచ్చ అంటే వ్యవసాయ జోన్. ఆ వీధిలో కరెంటు స్తంభాలు పాతించినవాడిని నేనే. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేశాను. 1986లో మొదటి స్తంభం నిలబెట్టిన రోజునే అక్కడ పైరు లేదు. ఎండిన వరి దుబ్బులు, హద్దురాళ్లు మాత్రం ఉన్నాయి.

అంతకు ముందు అది చేనే, కాదనను. కాలువ నుంచి బోదె వచ్చేది, రెండు పంటలూ పండేవి. అన్నదమ్ములు వాటాలు పంచుకుని సెంట్ల లెక్కన అమ్మేశారు. కొన్నవాళ్లం మట్టి తోలించి మోకాలి ఎత్తున మెరక చేసుకున్నాం. నాది 5 సెంట్లు, అంటే 242 గజాలు. 1988లో రిజిస్టరు చేయించుకున్నాను. 1991లో పంచాయతీ ఇంటి ప్లాను ఆమోదించింది, ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. 1996 నవంబరు 6 తుపానుకు కొబ్బరిచెట్లు పడి తీగలు తెగిపోతే, మళ్లీ సర్వీసులు ఇవ్వడానికి మా వీధిలో ఇళ్లు లెక్క రాసుకున్నాను. అప్పుడు 19. ఇప్పుడు 64. ఆ తర్వాత మా పేట పురపాలక సంఘంలో కలిసింది. బోదె ఉన్న చోట సిమెంటు డ్రైను వచ్చింది.

పటాన్ని కార్యాలయం గోడకు తగిలించారని తెలిసి చూడటానికి వెళ్లాను. అక్షరాలు నా కంటికి ఆనకపోతే అక్కడి కుర్రాడు ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూపించాడు. "రికార్డులో ఆ సర్వే నంబరు పల్లం అనే ఉందండీ బాబాయ్ గారూ, మేం మాత్రం ఏం చేస్తాం?" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. దస్తావేజుల్లో ముక్కలు ముక్కలైన సర్వే నంబరు అడంగల్‌లో, అంటే రెవెన్యూవారి సాగు లెక్కల పుస్తకంలో, మాత్రం పల్లంగానే, అంటే వరి పండే మాగాణిగానే మిగిలిపోయింది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకునే చట్టం వచ్చిందే 2006లో. అప్పటికి మా వంటింటి గోడలు మసిబారి రెండుసార్లు సున్నం వేయించాం. ఇంకో అనుమానం కూడా ఉంది. ఉపగ్రహ చిత్రం ముందు పెట్టుకుని రంగులు నింపి ఉంటే, కోనసీమలో పైనుంచి చూసినవారికి ప్రతి పెరడూ తోటలాగే కనిపిస్తుంది. మా డాబాను సగానికి పైగా కొబ్బరి మట్టలే కప్పేస్తాయి. వాటి కింద నీళ్ల ట్యాంకు ఉందని, మా మనవడి సైకిలు ఉందని ఆకాశం నుంచి ఎవరికి తెలుస్తుంది?

నేల మీద ఉన్నవారికి మాత్రం బాగా తెలుసు. 2021లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చినప్పుడు మా స్థలాలకు పట్టణ ధరే కట్టారు. రిజిస్ట్రేషన్ విలువ అడిగితే గజానికి చెబుతారు, ఎకరానికి కాదు. నా మీటరు కేటగిరీ-1, గృహ వినియోగం. ఇది నిజంగా వరిచేనే అయితే 2004 నుంచి వ్యవసాయానికి ఇస్తున్న ఉచిత విద్యుత్తు నాకూ రావాలి. ఇన్నేళ్లుగా కట్టిన బిల్లులు వెనక్కి ఇప్పించండి, పటం సంగతి నేను మళ్లీ ఎత్తను.

నవ్వులాటకు అన్నాను గానీ వీధిలో ఎవరికీ నవ్వు రావడం లేదు. మా అబ్బాయి మేడ మీద రెండు గదులు వేద్దామని ప్లాను పెడితే, జోన్ సంగతి తేలేదాకా ఆగమన్నారు. ప్లాను లేనిదే బ్యాంకు అప్పు ఇవ్వదు. భర్త పోయాక కూతురి దగ్గరకు వెళ్లిపోదామని పక్కింటావిడ ఇల్లు బేరం పెట్టారు. బయానా ఇచ్చినవారు పటం గురించి విని వెనక్కి తీసుకుపోయారు. భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టి రుసుము కట్టుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. ఇల్లు ఉన్న చోట ఇల్లు ఉందని రాయించుకోవడానికి మేం డబ్బు ఎందుకు కట్టాలి?

పొలాలను కాపాడవద్దని నేను అనడం లేదు. మా నాన్న కౌలు రైతు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద సాగైన నేల ఎంత విలువైనదో మాకు వేరే చెప్పనక్కరలేదు. పట్టణం దాటి రెండు కిలోమీటర్లు వెళ్లి చూడండి. రాత్రిపూట టిప్పర్లు వచ్చి పండే చేలో మట్టి పోసిపోతాయి, తెల్లారేసరికి రంగు వేసిన రాళ్లు కనిపిస్తాయి. ఆ ఆకుపచ్చ ఏదో అక్కడ గట్టిగా పూయండి. మా సిమెంటు రోడ్డు మీద పూస్తే ఒక్క గింజ పండదు. కాగితం మీద మాత్రం ఇంత వ్యవసాయ భూమి మిగిలే ఉందని లెక్క చూపించుకోవచ్చు. అసలు నష్టం అక్కడే జరుగుతుందని నా భయం. 64 ఇళ్లను చేనుగా లెక్కవేసుకున్నవారు, బయట ఒక్కో చేనూ పూడిపోతుంటే ఇంకా చాలా ఉందిలే అనుకుంటారు.

పటం ఖరారు చేసేముందు అధికారులు ఇంటి పన్నుల రిజిస్టరు, మీటర్ల జాబితా పక్కన పెట్టుకుని ఒక్క పూట మా వీధిలో నడవాలి. ఎండకు భయపడితే ఉదయం ఏడింటికే రావచ్చు. ఇళ్లని తేలినవాటిని రుసుము అడగకుండా నివాస జోన్‌లో చేర్చాలి. నా అభ్యంతరంతో పాటు 1991 నాటి ప్లాను, మొదటి ఇంటి పన్ను రసీదు నకళ్లు జతచేశాను. మా వీధిలో ఇంకో 41 మంది సంతకాలు చేశారు. మిగిలినవారు ఊళ్లో లేరు.

వచ్చేవారికి ఆనవాలు: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి లెక్కపెట్టుకుంటే ఏడో స్తంభం. దాని పక్కనే మా గేటు.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
కోనసీమ